డిఫాల్ట్ కింద కొట్టేసిన సివిల్ అప్పీలును మళ్లీ ఫైలు మీదకి తెచ్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

"సార్, మా అప్పీలు పోయిందంట." ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది మొదటి మాట ఇదే. పోయింది అనే మాటకి కోర్టులో నాలుగైదు అర్థాలున్నాయి, ఒక్కోదానికి దారి వేరు. మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సివిల్ కోర్టుల్లో నడిచే మామూలు అప్పీళ్ల, అంటే అప్పీల్ సూట్ల (ఏఎస్‌ల) గురించే ఇదంతా. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## కొట్టేశారని తెలిసిన రోజు

అప్పీలు డిస్మిస్ అయిందని ఆన్‌లైన్‌లో కనిపిస్తోంది. అంటే కేసు ఓడిపోయినట్టేనా?

ఆ ఒక్క మాట చూసి ఏమీ చెప్పలేం. ఈ-కోర్ట్స్ యాప్‌లో మీ 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబర్ (కేసు గుర్తింపు నంబర్) కొట్టి, ఆ తేదీన జడ్జి గారు రాసిన డాకెట్ ఆర్డర్ (ఆ రోజు ఫైలు మీద రాసే చిన్న ఉత్తర్వు) తెరవండి. "కాల్డ్. అప్పెల్లెంట్ ఆబ్సెంట్. నో రిప్రజెంటేషన్. హెన్స్ ద అప్పీల్ ఈజ్ డిస్మిస్డ్ ఫర్ డిఫాల్ట్" అని (పిలిస్తే అప్పీలుదారు రాలేదు, తరఫున ఎవరూ లేరు, అందుకే కొట్టేశాం అని అర్థం) రెండు లైన్లే ఉంటే మీరు ఓడిపోలేదు. మీ వాదన ఎవరూ వినలేదు, అంతే. మళ్లీ తెరిపించమని అడిగే హక్కు మీకుంది.

అదే పేజీలకు పేజీలు తీర్పు ఉండి, పాయింట్లు పెట్టి, సాక్ష్యం చర్చించి చివర డిస్మిస్ అని ఉంటే అది మెరిట్స్ మీద, అంటే కేసు బాగోగులు చూసి, వచ్చిన తీర్పు. దానికి రిస్టోరేషన్ (కేసుని మళ్లీ తెరిపించడం) కుదరదు, హైకోర్టులో సెకండ్ అప్పీలే దారి. ఆన్‌లైన్‌లో ఆర్డర్ ఎక్కకపోతే బెంచ్ క్లర్కుని అడిగి ఫైలు చూడమని మీ లాయర్‌తో చెప్పండి. డాకెట్ చూడకుండా ఏ పిటిషనూ రాయించకండి.

మేం కోర్టుకి రాలేదు. అయినా జడ్జి గారు మెరిట్స్ చూసి కొట్టేశానని రాశారు. అలా రాయొచ్చా?

రాయకూడదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 41 రూల్ 17 ప్రకారం అప్పీలుదారు రాకపోతే అప్పీలును డిఫాల్ట్ కింద కొట్టేయొచ్చు, అంతవరకే. గైర్హాజరులో మెరిట్స్ మీద కొట్టేసే అధికారం లేదని 1976 సవరణలో ఆ రూల్ కిందే వివరణ చేర్చారు. హైకోర్టుకైనా ఇదే వర్తిస్తుందని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది.

అయితే అలాంటి తీర్పు వచ్చాక దాన్ని డిఫాల్ట్ ఆర్డర్ అనుకుని రిస్టోరేషన్ వేస్తే చిక్కు. రూపం తీర్పుది, డిక్రీ (తీర్పు ఫలితాన్ని చెప్పే అధికారిక పత్రం) కూడా గీస్తారు. సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెట్టి, 90 రోజుల్లో హైకోర్టులో సెకండ్ అప్పీలు వేసి, ఈ రూల్ 17 వివరణనే మొదటి గ్రౌండ్‌గా పెట్టడం మేలు. సాధారణంగా మళ్లీ విచారించమని కింది కోర్టుకి వెనక్కి పంపుతారు.

వాయిదాకి వెళ్లకపోవడం కాదు, బాటా కట్టలేదని కొట్టేశారు. దీనికీ అదే దారా?

దాదాపు అదే. రెస్పాండెంట్లకి (అప్పీల్లో అవతలి పక్షానికి) నోటీసు పంపడానికి ప్రాసెస్ ఫీజు, అదే మన కోర్టుల్లో బాటా అనేది, కట్టకపోయినా, చెప్పిన స్టెప్స్ తీసుకోకపోయినా "నడపడం లేదు" అని అప్పీలు కొట్టేస్తారు. గడువులు చెప్పే లిమిటేషన్ చట్టంలోని ఆర్టికల్ 122 గైర్హాజరుతో పాటు నడపకపోవడాన్నీ, ప్రాసెస్ ఖర్చు కట్టకపోవడాన్నీ కలిపే చెబుతుంది. మూడింటికీ గడువు ఒకటే, 30 రోజులు. పిటిషన్ మీద ఆర్డర్ 41 రూల్ 19తో (కొట్టేసిన అప్పీలును మళ్లీ తెరిచే రూల్) పాటు సీపీసీ సెక్షన్ 151 (కోర్టుకి సహజంగా ఉండే అధికారం) కూడా వేయించండి. రూల్ సరిగ్గా అతకలేదన్న అభ్యంతరం వస్తే రెండోది ఆదుకుంటుంది.

కట్టాల్సిన బాటా, కవర్లు, కొత్త అడ్రస్ మెమో అన్నీ సిద్ధంగా పట్టుకుని వెళ్లండి. "ఇప్పుడే కడతాం" అని చేతిలో చూపించే మనిషికీ, "అవకాశమిస్తే కడతాం" అనే మనిషికీ కోర్టులో చాలా తేడా ఉంది.

అప్పీలు నడిపిన మా నాన్న మధ్యలో చనిపోయారు. ఆ తర్వాత కొట్టేశారు. ఇప్పుడు మేం ఏం చేయాలి?

ఒక్క పిటిషన్‌తో అయ్యే పని కాదిది. చనిపోయిన తేదీ నుంచి 90 రోజుల్లో వారసులు రికార్డు మీదకి రావాలి. రాకపోతే అప్పీలు దానంతటదే అబేట్ అవుతుంది, అంటే ముగిసిపోతుంది. అది రద్దు చేయమని అడగడానికి ఇంకో 60 రోజులు. అదీ దాటితే ఆలస్యం క్షమించమని లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 పిటిషన్ ఉండాలి. కాబట్టి మీరు వేయాల్సినవి: వారసుల్ని చేర్చే ఎల్‌ఆర్ పిటిషన్, అబేట్‌మెంట్ రద్దు పిటిషన్, రిస్టోరేషన్ పిటిషన్, వాటికి ఆలస్యం క్షమించే పిటిషన్లు. డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ మొదటి రోజే జత చేయండి.

ఇలాంటి కేసుల్లో కోర్టులు కాస్త మెత్తగానే ఉంటాయి. ఇంటి పెద్ద ఒక్కడే లాయర్ దగ్గరికి తిరుగుతుంటాడు, పిల్లలకి కేసు నంబర్ కూడా తెలియదు. ఇది జడ్జిలకి తెలియని సంగతి కాదు.

## గడువు, పిటిషన్ వేయడం

30 రోజులు ఎప్పటి నుంచి? మాకు తెలిసిన రోజు నుంచా?

కాదు. కొట్టేసిన రోజు నుంచి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఆర్టికల్ 122లో "డిస్మిస్ అయిన తేదీ" అనే ఉంది, తెలిసిన తేదీ ఊసే లేదు. ఆ రోజు ఒక్కటీ లెక్కలోంచి తీసేస్తారు. జూన్ 10న కొట్టేస్తే జూలై 10 ఆఖరి రోజు. ఆ రోజు ఆదివారమో సెలవో అయితే కోర్టు తెరిచిన రోజు వేయొచ్చు.

ఇంకో పొరపాటు కూడా తరచూ చూస్తుంటాను. సర్టిఫైడ్ కాపీ కోసం ఆగిన రోజులు మినహాయిస్తారని ధీమాగా కూర్చుంటారు. ఆ మినహాయింపు అప్పీళ్లకి, రివిజన్‌కి, రివ్యూకి ఉంది, రిస్టోరేషన్ పిటిషన్‌కి లేదు. కాపీ వచ్చేదాకా ఆగకండి. డాకెట్ ఆర్డర్‌లో తేదీ, కారణం చూసుకుని పిటిషన్ వేసేయండి, కాపీ తర్వాత దాఖలు చేయొచ్చు.

30 రోజులు దాటిపోయాయి. ఇక అంతేనా?

అంతే కాదు. లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఆలస్యం క్షమించమని మరో ఐఏ (కేసులో వేసే మధ్యంతర పిటిషన్) వేయాలి. ఆలస్యం రోజులు లెక్కపెట్టి అంకె రాయాలి. జూలై 10తో గడువు తీరిన కేసులో అక్టోబర్ 8న వేస్తే ఆలస్యం 90 రోజులు. మొత్తం 120 అని రాయకండి. అంకె తప్పితే ఆఫీసు రిటర్న్ చేస్తుంది, సరిచేసి మళ్లీ వేసేలోపు ఇంకొన్ని రోజులు కలుస్తాయి, అంకె మళ్లీ మారుతుంది. ఒక ఫైలు ఇలా మూడుసార్లు తిరగడం నేను చూశాను.

ఎంత ఆలస్యమైతే క్షమిస్తారనే అంకె చట్టంలో లేదు. 1987లో అనంతనాగ్ భూసేకరణ కలెక్టర్ కేసులో, ఆలస్యాన్ని ఉదారంగా చూడాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు చూపిస్తే చాలనుకునే రోజులు మాత్రం పోయాయి. 2012లో తపాలా శాఖ అప్పీళ్లు చాలా ఆలస్యంగా వస్తే, ఫైళ్లు కదలడానికి టైమ్ పడుతుందన్న సాకు కుదరదని అదే సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ప్రభుత్వానికే ఆ మాట చెప్పాక మనం రోజుకో లెక్క చెప్పలేకపోయినా నెలకో లెక్కైనా చెప్పగలగాలి.

పిటిషన్ ఏ కోర్టులో వేయాలి? కోర్టు ఫీజు మొత్తం మళ్లీ కట్టాలా?

కొట్టేసిన కోర్టులోనే వేయాలి. ఫీజు మొత్తం మళ్లీ కట్టక్కర్లేదు. పిటిషన్‌కి ఉండే చిన్న స్టాంపు చాలు. ఒప్పుకుంటే పాత ఏఎస్ నంబరే మళ్లీ లేస్తుంది, అప్పుడు కట్టిన ఫీజు అలాగే ఉంటుంది.

పాత లాయర్ మీద నమ్మకం పోయింది. కొత్త లాయర్‌తో వేయొచ్చా?

వేయొచ్చు. పాత లాయర్ దగ్గర నో అబ్జెక్షన్ తీసుకుని కొత్త వకాలత్ వేయించండి. ఆయన ఇవ్వకపోతే కోర్టు అనుమతి అడగొచ్చు. ఈ గొడవలో 30 రోజులు పోగొట్టుకోవద్దు. తొందరగా ఉంటే పాత వకాలత్ మీదే పిటిషన్ వేయించి, తర్వాత మార్చుకోవచ్చు. ఫీజు ఇచ్చే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి. మహిళలకీ, ఎస్సీ, ఎస్టీలకీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు.

## అఫిడవిట్‌లో ఏం రాయాలి

"తగిన కారణం" అంటే ఏంటి? ఏం రాస్తే ఒప్పుకుంటారు?

కేసు పిలిచిన ఆ రోజు మీరు గానీ మీ లాయర్ గానీ ఎందుకు లేరు? రూల్ 19 అడిగేది ఈ ఒక్క ప్రశ్నే. అంతకుముందు ఎన్ని వాయిదాలు తప్పారన్నది అసలు విషయం కాదని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. అవతలి లాయర్ పాత వాయిదాల చిట్టా చదువుతాడు, చదవనివ్వండి. జవాబు మాత్రం ఆ తేదీకి ఉండాలి.

మన కోర్టుల్లో పచ్చకామెర్లు రాని అప్పీలుదారు అరుదు. పల్లె నుంచి వచ్చినవాడైనా పట్నంవాడైనా వాయిదా ముందు రోజు పచ్చకామెర్లు వచ్చి, నాటు మందు వాడి, నడవలేక మంచాన పడి ఉంటాడు. జడ్జి గారు ఆ పేరా మీద కళ్లు కూడా ఆపరు. నిజంగానే కామెర్లు వచ్చినవాడి గతి ఏంటో నాకు తెలియదు గానీ, బిలిరుబిన్ రిపోర్టు ఉంటే మాత్రం తప్పకుండా జత చేయాలి.

పనికొచ్చే కారణం సాధారణంగా చిన్నగా, కొంచెం సిగ్గుపడేలా ఉంటుంది. జూనియర్‌గా ఉన్న రోజుల్లో ఒక అప్పీలు వాయిదాను డైరీలో నేనే తప్పు రాశాను. కాజ్ లిస్టులో (కోర్టు పెట్టే కేసుల జాబితాలో) చేత్తో రాసిన 11ని 17 అని చదివాను. 17న ఫైలు పట్టుకుని వెళ్తే, అది ఆరు రోజుల కిందటే పోయిందని బెంచ్ క్లర్క్ చెప్పాడు. మా సీనియర్ గారు తిట్టాల్సినంత తిట్టి, నాచేత అఫిడవిట్ వేయించి, ఆ కాజ్ లిస్టు పేజీ జిరాక్స్ జత చేయించారు. జడ్జి గారు ఆ పేజీని కిటికీ వైపు తిప్పి చూసి, "ఇది ఎవరు చదివినా 17 అనే చదువుతారు" అని నవ్వి, అవతలివాళ్లకి ఖర్చులు కట్టాలన్న షరతు మీద ఒప్పుకున్నారు.

తప్పు లాయర్‌ది. మేం ఎందుకు నష్టపోవాలి?

1981లో సుప్రీంకోర్టు ముందుకి సరిగ్గా ఇదే వచ్చింది. లాయర్ రాలేదని హైకోర్టు అప్పీలు కొట్టేసింది. పల్లెటూరి కక్షిదారు లాయర్‌ని పెట్టుకుని, ఫీజిచ్చి, ఆయన్ని నమ్మి ఇంటి దగ్గర ఉంటే, లాయర్ తప్పుకి అతన్ని శిక్షించకూడదని చెప్పి సుప్రీంకోర్టు ఆ అప్పీలు తిరిగి తెరిపించింది. అవతలివాళ్లకి ఇవ్వాల్సిన 200 రూపాయల ఖర్చులు రాని లాయర్ నుంచే వసూలు చేయమంది.

ఇప్పటికీ ఆ తీర్పు పనికొస్తుంది, హద్దుల్లో. మూడేళ్లు ఒక్కసారి కూడా లాయర్‌కి ఫోన్ చేయకుండా మొత్తం ఆయన మీద తోసేస్తే కోర్టులు నమ్మడం లేదు. మీరు అడిగినట్టు చూపించే మెసేజ్, కాల్ లిస్టు, ఫీజు పంపిన యూపీఐ రసీదు ఏదైనా ఉంటే పెట్టండి. ఆ లాయరే తన పొరపాటు ఒప్పుకుంటూ అఫిడవిట్ ఇస్తే అంతకంటే బలమైనది లేదు. లాయర్ మీద ఆరోపణలు రాసేముందు ఆయన్ని ఆ అఫిడవిట్ అడిగి చూడండి. చాలామంది ఇస్తారు.

ఆ రోజు లాయర్లు విధులు బహిష్కరించారు. అది కారణం అవుతుందా?

దాని మీద ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. లాయర్లకి సమ్మె చేసే హక్కు లేదని 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా లాయర్ కోర్టు హాల్లోకి వెళ్లలేకపోయిన రోజున కక్షిదారుకి దారి మూయకూడదన్న ఆలోచనతో చాలా కోర్టులు ఒప్పుకుంటాయి. బార్ అసోసియేషన్ తీర్మానం కాపీ పెట్టి, మీరైనా ఆ రోజు ఎందుకు రాలేకపోయారో కూడా రాయండి.

కేసు వేరే కోర్టుకి మారిందని మాకు ఎవరూ చెప్పలేదు. ఇది చెల్లుతుందా?

చెల్లుతుంది, కాగితం చూపిస్తే బాగా చెల్లుతుంది. 2019 జనవరి 1న హైకోర్టు రెండుగా విడిపోయినప్పుడు ఆంధ్రప్రదేశ్ ఫైళ్లు హైదరాబాద్ నుంచి అమరావతికి వెళ్లాయి. 2022 జూన్ 2 నుంచి తెలంగాణలో 33 జ్యుడీషియల్ జిల్లాలు వచ్చాయి, పాత జిల్లా కోర్టుల ఫైళ్లు కొత్త కోర్టులకి పంచారు. నంబర్లు మారాయి, ఊర్లు మారాయి. బదిలీ తర్వాత మీకు గానీ లాయర్‌కి గానీ నోటీసు వచ్చినట్టు ఫైల్లో ఉందా లేదా అన్నది ముందు చూడండి. లేకపోతే ఆ మాటే అఫిడవిట్‌లో మొదటి పేరా.

## పిటిషన్ నడుస్తుండగా

అవతలివాళ్లు ఈపీ (డిక్రీ అమలు చేయమనే పిటిషన్) వేశారు. రిస్టోరేషన్ పెండింగ్‌లో ఉందని చెబితే ఆగుతుందా?

ఆగదు. అప్పీలు పోగానే దాని మీద ఉన్న స్టే కూడా పోయింది. రిస్టోరేషన్ పిటిషన్ నంబర్ అయినంత మాత్రాన కొత్త స్టే రాదు. సెక్షన్ 151 కింద ఎగ్జిక్యూషన్ ఆపమని ప్రత్యేకంగా ఐఏ వేసి, అర్జెంటని చెప్పి అదే రోజు ఆర్డర్ అడగాలి. ఈపీ కోర్టులో కూడా మెమో వేసి కొంత టైమ్ తీసుకోవచ్చు, కానీ అది ఆ జడ్జి గారి దయ.

ఆస్తి వేలం దాకా వస్తే ఆలస్యం చేయకండి. రేపు అప్పీలు గెలిస్తే సెక్షన్ 144 కింద ఆస్తి తిరిగి అడగొచ్చు, నిజమే. కానీ వేలంలో బయటి మనిషి కొనుక్కుంటే అతని దగ్గర్నుంచి ఆస్తి వెనక్కి రావడం చాలా కష్టం. అప్పుడు డబ్బు కోసం మీ మీద గెలిచినవాడి వెంట పడాల్సిందే.

మేం రెస్పాండెంట్లం. అవతలి అప్పీలు పోయింది. మాకు నోటీసు లేకుండా మళ్లీ తెరుస్తారా?

సాధారణంగా నోటీసిచ్చే వింటారు. కౌంటర్‌లో ప్రతి పేరానీ అబద్ధం అనడం కంటే, తేదీలతో ఒక పట్టిక పెట్టడం మీకు ఎక్కువ ఉపయోగం. ఎన్ని రోజుల ఆలస్యానికి వివరణ లేదో అందులో తెలిసిపోవాలి. ఓడిపోతామనిపిస్తే ఖర్చులు, త్వరగా వినడానికి తేదీ అడగండి. మీరు క్రాస్ ఆబ్జెక్షన్స్ (కింది తీర్పులో మీకు వ్యతిరేకంగా ఉన్న భాగం మీద అభ్యంతరాలు) వేసి ఉంటే ఒక సంగతి: అప్పీలు డిఫాల్ట్ కింద పోయినా వాటిని విడిగా వినొచ్చు, ఆర్డర్ 41 రూల్ 22(4).

మేం రెస్పాండెంట్లం. మాకు నోటీసు అందకుండానే అప్పీలు మా మీద ఒప్పుకున్నారు. మాకేం దారి?

మీది ఆర్డర్ 41 రూల్ 21. అప్పీలు మళ్లీ వినమని అదే కోర్టులో అడగాలి. గడువు 30 రోజులే. నోటీసు సరిగ్గా అందకపోతే మీకు తీర్పు సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క. ఎలా తెలిసింది, ఎవరు చెప్పారు, ఏ రోజు అన్నది అఫిడవిట్‌లో స్పష్టంగా ఉండాలి.

## ఆర్డర్ వచ్చాక

ఖర్చులు కట్టమని షరతు పెట్టి ఒప్పుకున్నారు. రెండు రోజులు లేటైతే?

టెన్షన్ పెట్టే విషయమే ఇది. "ఫలానా తేదీలోపు కట్టకపోతే పిటిషన్ కొట్టేసినట్టే" అని ఉంటే, తేదీ దాటగానే మళ్లీ మొదటికొస్తుంది. ఆర్డర్‌లో ఎవరికి కట్టమన్నారో చూడండి, అవతలి లాయర్‌కా, న్యాయసేవాధికార సంస్థకా. రసీదు తీసుకుని ఆ రోజే మెమోతో ఫైల్ చేయించండి. అవతలి లాయర్ తీసుకోనంటే కోర్టులో డిపాజిట్ చేయడానికి అనుమతి అడగండి. గడువు దాటినా సెక్షన్ 148 కింద పొడిగించమనొచ్చు. ఆ పొడిగింపు 30 రోజులు మించకూడదని సెక్షన్‌లో ఉన్నా, మన చేతిలో లేని కారణం ఉంటే అంతకు మించీ ఇవ్వొచ్చని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది.

అప్పీలు తిరిగి తెరిచారు. పాత స్టే దానంతటదే వస్తుందా?

దావా రిస్టోర్ అయితే పాత మధ్యంతర ఉత్తర్వులు కూడా లేస్తాయని 2004లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు చెప్పింది. దాన్ని అప్పీళ్లకీ చూపిస్తుంటారు. నేనైతే దాని మీద ఆధారపడను. "స్టే కొనసాగుతుంది" అన్న ఒక్క లైను ఆర్డర్‌లో రాయించుకోవడానికి ఆ రోజే అడగాలి. ఈపీ కోర్టు అమీను (డిక్రీ అమలు చేసే కోర్టు ఉద్యోగి) మీ గుమ్మం ముందుకి వచ్చాక 2004 తీర్పు చదివి వినిపించడం కుదరదు.

రిస్టోరేషన్ పిటిషన్ కూడా కొట్టేశారు. ఇంకేముంది?

రూల్ 19 కింద తెరవడానికి నిరాకరిస్తే ఆర్డర్ 43 రూల్ 1(టి) కింద సీఎంఏ (ఉత్తర్వు మీద వేసే అప్పీలు) ఉంది. సీనియర్ సివిల్ జడ్జి కోర్టు ఆర్డర్ మీదైతే జిల్లా కోర్టులో 30 రోజుల్లో, జిల్లా కోర్టు ఆర్డర్ మీదైతే హైకోర్టులో 90 రోజుల్లో. ఇక్కడ కాపీ కోసం పట్టిన రోజులు మినహాయిస్తారు. ఆలస్యం క్షమించే పిటిషన్ ఒక్కటే కొట్టేసి, రిస్టోరేషన్‌కి నంబర్ ఇవ్వకపోతే మాత్రం సాధారణంగా హైకోర్టులో సీఆర్‌పీ (సివిల్ రివిజన్ పిటిషన్) వేస్తారు. ఏది కొట్టేశారో ఆర్డర్ ఆఖరి పేరా చూసి తేల్చుకోండి. సీఎంఏలోనూ ఓడితే దాని మీద మరో అప్పీలు లేదు, సెక్షన్ 104(2) అడ్డం.

డిఫాల్ట్ ఆర్డర్ మీద నేరుగా సెకండ్ అప్పీలు వేయొచ్చు కదా?

వేయలేరు. డిఫాల్ట్ కింద కొట్టేసిన ఆర్డర్ డిక్రీ కాదని సీపీసీ సెక్షన్ 2(2)లోనే ఉంది. డిక్రీ లేనిదే సెకండ్ అప్పీలు లేదు.

ఒకసారి తెరిచారు. మళ్లీ డిఫాల్ట్‌లో పోయింది. రెండోసారి ఒప్పుకుంటారా?

చట్టంలో అడ్డు లేదు. రెండో పిటిషన్ కూడా వేయొచ్చు, 30 రోజులు మళ్లీ కొత్తగా మొదలవుతాయి. ఒప్పుకోవడం మాత్రం కష్టం, ఒప్పుకుంటే ఖర్చులు గట్టిగా పడతాయి. రెండోసారి వేసేటప్పుడు వాదనకి సిద్ధంగా ఉన్నట్టు చూపించండి: రాతపూర్వక వాదనలు పిటిషన్‌తోనే దాఖలు చేసి, తెరిచిన రోజే వాదిస్తామని అఫిడవిట్‌లో రాయండి. కక్షిదారు ఆ రోజు కోర్టు హాల్లో, లాయర్ వెనక బెంచీ మీద కూర్చుని ఉండాలి. పేరు పిలిస్తే లేచి నిలబడాలి.